సున్నా నుంచి ఒకటికి

గోవర్ధన్ కడుపులో మాట దాగదు. మంచి పని ఒకటి చేస్తే నలుగురికీ చెప్పేదాకా ఆయనకు నిద్ర పట్టదు. వీధిలో అందరికీ ముందు రోజు రాత్రే చెప్పేశాడు గానీ, ఇంట్లో మాత్రం కొడుకు కోసం ఆగాడు. మర్నాడు మధ్యాహ్నం శశాంక్ పప్పు కలుపుకుంటుండగా అసలు సంగతి బయటపెట్టాడు. నిన్న సాయంత్రం నారాయణగూడ వెళ్ళాననీ, దక్షిణామూర్తి గారిని కలిశాననీ, పని అయిపోయినట్టేననీ చెప్పి, పెరుగు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

శశాంక్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఏం పని నాన్న?"

"నీ పోలో హ్యాండిక్యాప్ పని. ఎన్ని రోజులని జీరో మీదనే ఉంటవ్? ఒకటి చెయ్యమని అడిగిన. చూస్తమన్నడు."

తల్లి పద్మ మొహం విప్పారింది. శశాంక్ లేచి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాడు. సగం అన్నం కంచంలో అలాగే ఉంది. ఆనందం పట్టలేక లేచాడనుకున్నాడు గోవర్ధన్, ఆయన నమ్మకం అలాంటిది.

అశోక్‌నగర్‌లో ఆయనది పోటీ పరీక్షల పుస్తకాల షాపు. పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు ఆయన చెవిన పడేవి మార్కులు, ర్యాంకులు, కటాఫ్‌లు. గ్రూప్స్ రాసే పిల్లలు సెంట్రల్ లైబ్రరీ నుంచి వచ్చి షాపు ముందు నిలబడి అవే మాట్లాడుకుంటారు. ఆ వీధిలో అంకె పెరిగితే మిఠాయిలు పంచుతారు, తగ్గితే ఫోన్లు ఆపేసి రూములో పడుకుంటారు. అలాంటి చోట బతికిన మనిషికి కొడుకు గుర్రమెక్కి కర్రతో బంతి కొట్టే పోలో ఆడతాననడమే సగం అర్థం కాలేదు. డిగ్రీలో ఎన్.సి.సి. గుర్రపు దళంలో చేరాడు, అక్కడి నుంచి ఊరి బయట గుర్రాల శాలలో పనికి కుదిరాడు. ఒకరోజు ఇంటికొచ్చి, తనకు హ్యాండిక్యాప్, అంటే ఆటగాడి స్థాయి చెప్పే అంకె, మైనస్ రెండు ఇచ్చారని సంబరంగా చెప్పాడు. తండ్రి కంగారుగా నెగెటివ్ మార్కులు పడ్డాయా అని అడిగాడు.

కొత్తగా వచ్చినవాడెవడైనా మైనస్ రెండు నుంచే మొదలవుతాడనీ, అన్నిటికన్నా పైమెట్టు పది అనీ, పది దాకా ఎక్కినవాళ్ళు ప్రపంచం మొత్తం మీద కొద్దిమందేననీ శశాంక్ ఓపిగ్గా విడమరిచాడు. అందులో గోవర్ధన్ తలకెక్కింది మెట్లు మాత్రమే. మైనస్ రెండు పోయి మైనస్ ఒకటి అయినప్పుడు షాపులో అందరికీ చాయ్ పోయించాడు. సున్నా అయినప్పుడు పక్క షాపులవాళ్ళక్కూడా పోయించాడు. ఆ తర్వాత అంకె కదల్లేదు. మన దగ్గర ఫైలు కదలకపోతే ఏం చేస్తారు? ఆయనా అదే చేశాడు. పైరవీ చేశాడు.

పైరవీలో గోవర్ధన్ చెయ్యి తిరిగిన మనిషి. నల్లా కనెక్షన్ కావాలన్నా, ముసలమ్మకు పింఛను కావాలన్నా చిక్కడపల్లిలో సగం మంది ఆయన్నే వెంటబెట్టుకుని వెళతారు. లంచం ఇవ్వడు, అబద్ధమాడడు. ఎదుటివాళ్ళ ఇంట్లో కూర్చుని, చాయ్ తాగి, మంచీ చెడూ మాట్లాడి, వీడు మనవాడే అనిపించుకుని లేస్తాడు. అందులో తప్పుందని ఆయనకు ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు, చెప్పినా నమ్మేవాడు కాదు.

శశాంక్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అరవలేదు. అరిచి ఉంటే గోవర్ధన్‌కు కొంత బాగుండేది. వచ్చే చలికాలం జైపూర్, ఢిల్లీ పోటీల గురించి చెప్పాడు. జట్టుకు నలుగురు. ఆ నలుగురి హ్యాండిక్యాప్‌లూ కలిపితే నాలుగు దాటకూడదు. డబ్బున్న వాళ్ళు గొప్ప ఆటగాళ్ళందర్నీ ఒకేచోట పోగేసుకోకుండా పెట్టిన షరతు అది. శశాంక్‌ను పెట్టుకున్న జట్టు వినయ్ గారనే బిల్డర్‌ది. గుర్రాలు ఆయనవే, ఖర్చు ఆయనదే, కాబట్టి మైనస్ ఒకటైనా ఆయనా ఆడతాడు. బయటి నుంచి పిలిపించిన ఇద్దరిలో ఒకరు మూడు, ఒకరు రెండు. నాలుగోవాడు శశాంక్, సున్నా. కలిపితే సరిగ్గా నాలుగు.

"నేను ఒకటి అయితే ఐదు అయితది నాన్న. ఐదుతోని టీమ్‌ను రానియ్యరు. అప్పుడు ఎవర్ని తీసేస్తడు? తననా, ఆ ఇద్దర్నా, నన్నా?"

గోవర్ధన్ వేళ్ళ మీద లెక్క వేశాడు. మళ్ళీ వేశాడు. రెండుసార్లూ ఐదే వచ్చింది.

ఒకటి అయితే ఇంకో పెద్ద జట్టు పిలవదా అని పద్మ ఆశగా అడిగింది. ఒకటి దగ్గర ఉన్నవాళ్ళు బోలెడుమంది ఉన్నారనీ, వాళ్ళలో చాలామందికి సొంత గుర్రాలున్నాయనీ, తన దగ్గర ఉన్నది కర్రా హెల్మెట్టేననీ శశాంక్ చెప్పాడు. జట్టు లేకపోతే ఎక్కడానికి గుర్రమే ఉండదు. ఒక సీజన్ ఆడకపోతే మర్చిపోతారు. మళ్ళీ ఊరి బయట శాలలో ఇతరుల గుర్రాలను పొద్దున్నే నడిపించుకుంటూ ఉండాలి. గట్టిగా ఆడే సున్నా కోసమే అందరూ వెతుకుతారు, వినయ్ గారు తనను ఎంచుకున్నది అందుకే.

హ్యాండిక్యాప్‌లు సవరించే కమిటీ ఆ సాయంత్రమే కూర్చుంటోంది. కూర్చోవడమంటే ఎవరింట్లో వాళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుని వీడియోలో మాట్లాడుకోవడం. కమిటీలో ఉన్న నలుగురిలో ఒకరు దక్షిణామూర్తి గారు.

"అయితే ఇప్పుడే పోయి వద్దని చెప్పొస్త," అని గోవర్ధన్ లేచాడు.

"పోకు నాన్న. పెంచుమని అడిగెటోన్ని చూస్తే నవ్వుకుంటరు. పెంచొద్దని అడిగెటోన్ని దొంగ అంటరు."

ఆ మాట నిజం. తక్కువ అంకె దగ్గరే ఉండిపోవాలని కావాలనే బంతి వదిలేసేవాళ్ళు ఆ ఆటలో ఉంటారు. కమిటీ కన్ను ఎప్పుడూ అలాంటి వాళ్ళ మీదే. శశాంక్ ఇదంతా చెప్పి, ఇక దీని గురించి ఎవరితోనూ మాట్లాడవద్దని బతిమాలినట్టు అడిగి, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

గోవర్ధన్ షాపుకే బయల్దేరాడు. వెళ్ళాడు కూడా. ఎవరో పాత ప్రశ్నపత్రాలు అడిగితే కరెంట్ అఫైర్స్ తీసి ఇచ్చాడు. చేసిన పని సరిదిద్దకుండా చేతులు ముడుచుకుని కూర్చోవడం ఆయన వంట్లో లేదు. కొడుకు వద్దన్నాడు, నిజమే. కానీ కొడుకుకు ఇరవై నాలుగేళ్ళు, మనుషులతో ఎలా మాట్లాడాలో వాడికేం తెలుసు? ఎండ కాస్త తగ్గగానే షాపు పక్కవాడికి అప్పజెప్పి, స్టీల్ బ్రిడ్జి కింద నుంచి చిక్కడపల్లి మెయిన్ రోడ్డెక్కి నారాయణగూడ వైపు నడిచాడు. దారిలో ఇద్దరు పలకరించి, పని అయిందా అని అడిగారు. తల ఊపి తప్పించుకున్నాడు.

దక్షిణామూర్తి గారిది కాకినాడ. సైన్యంలో గుర్రాల వైద్యుడిగా చేసి, రిటైరై, నారాయణగూడ చౌరస్తా వెనక ఫ్లాట్‌లో ఉంటున్నారు. తలుపు ఆయన భార్య ఆదిలక్ష్మి గారు తీసింది. నిన్న గోవర్ధన్ తెచ్చిన మిఠాయి డబ్బా టీపాయ్ మీద విప్పకుండా పెట్టినచోటే ఉంది.

"మళ్ళీ వచ్చారేంటండీ?" అన్నారు దక్షిణామూర్తి.

"నిన్న తెల్వక అడిగిన సార్. మా పిల్లగాన్ని జీరోల్నే ఉంచున్రి. మీకు దండం పెడుత."

దక్షిణామూర్తి కళ్ళజోడు తీశారు. ఆయన మొహంలో మర్యాద పోలేదు గానీ, అందులో ఏదో గట్టిపడింది.

"మీ అబ్బాయి పంపించాడా?"

కొడుకు చెప్పిన దొంగ అన్న మాట ఇప్పుడు ఎదురుగా వచ్చి కూర్చుంది, దాన్ని గోవర్ధనే వెంటబెట్టుకొచ్చాడు. లేదు సార్, వాడు వద్దని మొత్తుకున్నాడు, వాడికి చెప్పకుండా వచ్చాను, కావాలంటే పిల్లల మీద ఒట్టు అని మాట మీద మాట పేర్చాడు. దక్షిణామూర్తి ఆయన్ను కొంతసేపు పరీక్షగా చూశారు. గుర్రం కాలు నొప్పి ఎక్కడుందో వెతికే డాక్టరు చూపు అది. చివరికి నమ్మినట్టే ఉంది, కూర్చోమన్నారు.

"ఈ అంకె గోల్స్ లెక్కపెట్టి ఇచ్చేది కాదు గోవర్ధన్ గారూ," అన్నారు. "గుర్రాన్ని ఎలా నడుపుతాడు, ఆట ఎటు పోతుందో ముందే పసిగడతాడా, తన జట్టుకు ఎంత పనికొస్తాడు, ఇవన్నీ చూసి ఇస్తాం. ఈ సీజన్లో మీ అబ్బాయి ఆడిన ప్రతి మ్యాచూ చూసింది నేనొక్కణ్ణే. మిగతా ముగ్గురూ ఫైనల్ చూశారు. ఫైనల్లో వరసగా గోల్స్ కొట్టాడు కాబట్టి పెంచుదామంటారు."

ఆయన ఆగి, మూసి ఉన్న లోపలి గది తలుపు వైపు చూశారు. ఆ రోజు శశాంక్ ఎక్కినవి వినయ్ గారి గుర్రాల్లోకెల్లా మేలైనవనీ, అలాంటి గుర్రం మీద ఎవరైనా బంతి దగ్గరికి ముందే చేరతారనీ చెప్పారు. మామూలు గుర్రం ఎక్కిన రోజుల్లో శశాంక్ మలుపు దగ్గర ఆలస్యమవుతాడు. ఎడమ పక్క వెనక్కి కొట్టే దెబ్బ ఇంకా కుదర్లేదు. ఇంకో ఏడాది ఆడితే ఒకటి అన్నది వాడి సొంతమవుతుంది, ఇప్పుడిస్తే అది గుర్రాలకిచ్చినట్టు.

"ఈ సంవత్సరం సున్నాలోనే ఉంచాలని చెబుదామనుకున్నాను."

గోవర్ధన్‌కు ప్రాణం లేచొచ్చింది. "గదే చెప్పున్రి సార్. గంతకన్న ఏం గావాలె."

"అనుకున్నాను అన్నానండీ. నిన్న మీరు రాకముందు."

ఆ కమిటీలో ఒక కట్టుబాటుంది. ఆటగాడి తాలూకు మనిషెవరైనా ఏ సభ్యుణ్ణయినా ఇంటికొచ్చి కలిస్తే, ఆ సభ్యుడు సంగతి చెప్పేసి, ఆ పేరు వచ్చినప్పుడు బయటికి వెళ్ళిపోవాలి. నోరు విప్పకూడదు, ఓటుకు చెయ్యెత్తకూడదు. దక్షిణామూర్తి ఇది చాలా మామూలుగా చెప్పారు. వినే మనిషికి మాత్రం నేల కదిలిపోయింది.

"నేను పెంచుమని గద సార్ అడిగిన? మీరు పెంచొద్దనే చెప్తరాయె. ఇంక నా మాట విన్నదెక్కడ?"

"ఏం అడిగారన్నది కాదండీ. వచ్చారు. అంతే."

"నేనొచ్చినట్టు వాళ్ళెవ్వరికి తెల్వదు సార్."

"నాకు తెలుసు కదా."

లోపల కంప్యూటర్ మోగింది. దక్షిణామూర్తి లేచారు. ఉండాలనుకుంటే కూర్చోవచ్చనీ, ఈ విషయం మాత్రం ఇక ఎత్తవద్దనీ చెప్పి, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

ఆదిలక్ష్మి గారు కాఫీ తెచ్చి ఇచ్చింది. ట్రాఫిక్ ఎలా ఉందని అడిగింది. గోవర్ధన్ ఏదో చెప్పాడు. తలుపు వెనక మాటలు గొణుగుడుగా వినిపిస్తున్నాయి, ఇంగ్లీషులో, మధ్యమధ్య హిందీలో. ఒక్కొక్క పేరూ వస్తోంది, పోతోంది. ఒకచోట ఎవరో నవ్వారు. ఎవరి బతుకు గురించి నవ్వుతున్నారోనని ఆయనకు మండింది. మరుక్షణమే భయమేసింది. కాఫీ మీద మీగడ కట్టింది. తాగలేదు.

తలుపు తెరుచుకుంది. దక్షిణామూర్తి బయటికొచ్చి, వెనక తలుపు జాగ్రత్తగా దగ్గరికి వేసి, గోవర్ధన్ ఎదురుగా కుర్చీలో కూర్చున్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

"మీ వాడి పేరు వచ్చింది," అన్నారు.

గోవర్ధన్ ఆ తలుపు వైపు చూశాడు, ఎదురుగా ఉన్న మనిషి వైపు చూశాడు. ఒక్క మ్యాచ్ చూసిన ముగ్గురు లోపల మాట్లాడుతున్నారు. అన్నీ చూసిన ఒక్కడూ ఇక్కడ తన ఎదురుగా మౌనంగా ఉన్నాడు. మలుపు దగ్గర ఆలస్యమవుతాడని, ఎడమ దెబ్బ రాదని, ఆ రోజు గుర్రాలు వేరని చెప్పడానికి లోపల ఎవరూ లేరు. ఆ నోరు మూయించింది పరాయివాళ్ళెవరూ కాదు, కన్నతండ్రి. కాళ్ళ మీద పడైనా ఆయన్ను లోపలికి పంపేద్దామా అనిపించింది.

"సార్," అన్నాడు.

దక్షిణామూర్తి తలెత్తారు. ఆ కళ్ళలో కోపం లేదు, బాధ ఉంది. గోవర్ధన్ మిగతా మాట మింగేశాడు. ఇంకొక్క ముక్క మాట్లాడినా అది కొడుకు మీదే పడుతుందని ఆయనకు అప్పటికి తెలిసింది. పుట్టిన దగ్గర్నుంచి మాటతోనే పనులు చేయించుకున్న మనిషి, సోఫా అంచున కూర్చుని, పళ్ళు బిగబట్టి నోరు మూసుకున్నాడు. అంత సిగ్గుపడ్డ రోజు ఆయనకు గుర్తు లేదు.

ఎంతసేపో కాదు, బహుశా కాఫీ తాగేంత సేపు. దక్షిణామూర్తి ఫోన్ మోగింది. ఆయన లోపలికి వెళ్ళారు. మిగతా పేర్లన్నీ అయ్యేసరికి బయట దీపాలు వెలిగాయి. ఆదిలక్ష్మి గారు దేవుడి దగ్గర వత్తి వెలిగించి, వంటింట్లోకి వెళ్ళింది. గోవర్ధన్ కదల్లేదు.

దక్షిణామూర్తి వచ్చి నిలబడే చెప్పారు.

"ఒకటి చేశారండీ."

"మీరు లోపల ఉంటే?"

ఆయన దానికి జవాబు చెప్పకపోయినా బాగుండేది.

"ఉంటే పెరిగేది కాదు."

గోవర్ధన్ దండం పెట్టి చెప్పులు వేసుకున్నాడు. ఒక చెప్పు కాలికి ఎక్కనంటే ఆదిలక్ష్మి గారు గోడ పట్టుకోమంది. ఆటో ఎక్కబుద్ధి కాలేదు. నారాయణగూడ నుంచి చిక్కడపల్లి దాకా మెట్రో లైను కింద నడుస్తూ, ఈ మాట కొడుక్కు ఎలా చెప్పాలా అని ఆలోచించాడు. వాళ్ళు ఎట్లాగూ పెంచేవాళ్ళే, నాదేం లేదు అనొచ్చు. అంటే శశాంక్ నమ్ముతాడు కూడా. ఆ ఆలోచన ఆయన్ను వీధి మలుపు దాకా వదల్లేదు.

శశాంక్ అపార్ట్‌మెంట్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. తండ్రిని చూసి లేచాడు. షాపుకు ఫోన్ చేస్తే నువ్వు లేవన్నారని చెప్పి, ఇంకేమీ అడగకుండా నిలబడ్డాడు.

"పోయిన," అన్నాడు గోవర్ధన్. "ఒకటి అయింది. ఆ సార్ నిన్ను జీరోల్నే ఉంచుమని చెప్పెటోడట. నేను నిన్న ఇంటికి పోయిన గద, అందుకని నీ పేరు వచ్చినప్పుడు బయటికొచ్చి నా ముంగట కూసున్నడు. ఆయన ఉంటే పెరగకపోతుండె. అడిగిన, చెప్పిండు."

శశాంక్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. తిట్టాలని గోవర్ధన్ ఎదురుచూశాడు. శశాంక్ జేబులోంచి ఫోన్ తీసి, అక్కడే, తండ్రి ముందే వినయ్ గారికి చేశాడు.

"సార్, నేను ఒకటి అయిన. ఇంకోళ్ళెవరో చెప్పేలోపల నేనే చెప్దామని చేసిన."

అవతల నుంచి ముందు అభినందనలు వినిపించాయి, తర్వాత కాసేపు ఏమీ వినిపించలేదు. ఆయనా వేళ్ళ మీద లెక్క వేసుకుంటున్నాడు కాబోలు. ఆ తర్వాత మెల్లగా ఏదో అడిగాడు.

"ఉన్నడు సార్. సృజన్ అని, నాతోనే నేర్చుకున్నడు. జీరోనే. మంచిగ ఆడుతడు. నంబర్ పంపిస్త." శశాంక్ ఫోన్ దించి, నిజంగానే నంబర్ వెతికి పంపాడు.

సరిగ్గా అప్పుడే పై అంతస్తు విజయశ్రీ కూరగాయల సంచితో లోపలికొచ్చింది. నిన్న రాత్రి గోవర్ధన్ నోటితోనే శుభవార్త విన్న వాళ్ళలో ఆమె ఒకతి. అయ్యిందా అన్నా అని అడిగింది. శశాంక్ తల ఊపాడు. ఆమె సంచి కింద పెట్టి, శశాంక్ చెయ్యి పట్టుకుని ఊపి, మనస్ఫూర్తిగా సంతోషపడింది. తర్వాత గొంతు తగ్గించి గోవర్ధన్ వైపు తిరిగింది. వాళ్ళ అమ్మాయి సంజనకు ఉద్యోగం ఎక్కడో దూరంలో పడింది, ట్రాన్స్‌ఫర్ కావాలి.

"ఎవర్ని పట్టుకున్నవో జర మాకు గూడ చెప్పు అన్నా."

శశాంక్ మెట్ల వైపు తిరిగాడు. తండ్రి ఎప్పటిలాగే గొప్ప చెప్పుకుంటాడని తెలుసు కాబట్టి, వినకుండా వెళ్ళిపోదామని ఒక కాలు పైమెట్టు మీద పెట్టాడు.

"పట్టుకున్న చెల్లె," అన్నాడు గోవర్ధన్. "నేను పట్టుకోకుంటే మావోడు ఈ యేడు జైపూర్ల ఆడుతుండె."

విజయశ్రీ అది తమాషా అనుకుని నవ్వింది. గోవర్ధన్ నవ్వలేదు. ఆమెకు అర్థమయ్యేలా మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. శశాంక్ పైమెట్టు మీది కాలు వెనక్కి తీసుకుని, అక్కడే కూర్చుని విన్నాడు.